ప్రతికృతి సాంప్లర్ల కుట్టు

కుట్టుపని నేర్చుకునే రోజుల్లో ఒకే గుడ్డ మీద అక్షరాలు, అంకెలు, అంచులు, పూలు, పిట్టలు వరసగా కుట్టి దాచుకున్న నమూనాను సాంప్లర్ అంటారు. మ్యూజియంలోనో ఇంటి పెట్టెలోనో మిగిలిన పాత సాంప్లర్‌ను పోగు పోగూ లెక్కపెట్టి చదివి, గళ్ల కాగితం మీదికి ఎక్కించి, అదే వరసలో, వీలైనంతవరకు అదే కొలతలో, అవే రంగుల్లో కొత్త గుడ్డ మీద మళ్లీ కుట్టడం ప్రతికృతి కుట్టు. బ్రిటన్, అమెరికా, నెదర్లాండ్స్ వంటి దేశాల్లో ఇది చాలామంది అభిరుచి. ఎంబ్రాయిడరీలో మిగతా రకాలకు అందం ముఖ్యం. ఇక్కడ దానికి తోడు, ఎప్పుడో ఒక పిల్ల తన పాఠాన్ని ఏ క్రమంలో నేర్చుకుందో, ఎక్కడ తడబడిందో సూదితో చదవడం కూడా ముఖ్యమే. ఈ వ్యాసం ఆ అభిరుచి చరిత్రను, పద్ధతిని వివరిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దానితో కలిసే దారులనూ చూపుతుంది.

సాంప్లర్ ఎందుకు పుట్టింది

అచ్చు పుస్తకాలు లేని కాలంలో కుట్టు పద్ధతులను గుర్తుపెట్టుకోవడానికి గుడ్డే పుస్తకం. ఎవరి దగ్గరైనా కొత్త అంచు కనబడితే దాని ముక్క ఒకటి తన గుడ్డ మీద కుట్టుకునేవారు. అవసరమైనప్పుడు ఆ గుడ్డ విప్పి చూసుకునేవారు. ఈజిప్టులో మమ్లూకుల పాలన నాటి నమూనా గుడ్డలు పొడి ఇసుక నేల పుణ్యమా అని సమాధుల్లో చెడకుండా మిగిలాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, ఆక్స్‌ఫర్డ్‌లోని యాష్మోలియన్ మ్యూజియంలోనూ వాటిని చూడవచ్చు. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1520లలో కుట్టు నమూనాల అచ్చు పుస్తకాలు వచ్చాయి. అయినా గుడ్డ మీద దాచుకునే అలవాటు పోలేదు.

తేదీ వేసి ఉన్న బ్రిటిష్ సాంప్లర్లలో అన్నిటికన్నా పాతది జేన్ బాస్టాక్ 1598లో కుట్టినది. ఇది కూడా విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనే ఉంది. లినెన్ గుడ్డ మీద పట్టుదారం, జరీ, చిన్న ముత్యాలతో చేసిన ఈ పనిలో ఆలిస్ లీ అనే పాప 1596 నవంబర్ 23న పుట్టిన సంగతి అక్షరాల్లో కుట్టి ఉంది. కొన్ని బొమ్మలు కుట్టి తర్వాత విప్పేసిన ఆనవాళ్లు కూడా దాని మీద కనిపిస్తాయి. అమెరికాలో ఇప్పటికి మిగిలినవాటిలో తొలి సాంప్లర్ ప్లిమత్ వలసలో పెరిగిన లోరా స్టాండిష్‌ది. అది 17వ శతాబ్దం మధ్య నాటిది.

17వ శతాబ్దపు సాంప్లర్లు సన్నగా, పొడుగ్గా ఉండేవి. మగ్గం వెడల్పు నుంచి అడ్డంగా కత్తిరించిన గుడ్డ పట్టీ మీద పై నుంచి కిందికి అంచు తర్వాత అంచు కుట్టుకుంటూ వచ్చి, వాడనప్పుడు చుట్టచుట్టి పెట్టుకునేవారు. 18వ శతాబ్దం వచ్చేసరికి వాటి ఆకారం చతురస్రానికి దగ్గరైంది. చుట్టూ పూలతీగ అంచు, లోపల అక్షరమాల, ఒక నీతివాక్యం, ఇల్లు, చెట్టు, ఆదాము అవ్వల బొమ్మ, అడుగున కుట్టినవారి పేరు, వయసు, సంవత్సరం ఉండేవి. చూసుకోవడానికి దాచుకున్న గుడ్డ క్రమంగా గోడకు తగిలించే పటంగా మారింది.

బడి, పని, గుర్తు

అక్షరాలు కుట్టడం వెనక ఇంటి అవసరం ఉంది. యూరప్‌లోని సంపన్నుల ఇళ్లలో దుప్పట్లు, తువ్వాళ్లు డజన్ల లెక్కన ఉండేవి. చాకిరేవు నుంచి తిరిగొచ్చాక ఎవరివి ఎవరివో తేలాలంటే మూలన పేరులోని మొదటి అక్షరాలు, వరస సంఖ్య ఉండాలి. ఆ పనికి వాడింది రెండు ఏటవాలు కుట్లు ఒకదాన్నొకటి దాటే క్రాస్ స్టిచ్. మన ఊళ్లలో చాకలివాళ్లు ఇదే పనిని నల్లజీడి రసంతో చేశారు. ఆ రసం గుడ్డ మీద పెడితే ఎన్ని ఉతుకులైనా పోని నల్లటి గుర్తు పడుతుంది. అక్కడ సూది, ఇక్కడ జీడిగింజ. అవసరం మాత్రం ఒక్కటే.

అందుకే పేదపిల్లల బడుల్లో సాంప్లర్ జీవనాధారానికి దారి. బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ నడిపిన ఆష్లీ డౌన్ అనాథాశ్రమాల ఆడపిల్లలు ఇళ్లలో పనికి కుదిరేందుకు తయారయ్యేవారు. 19వ శతాబ్దం రెండో సగంలో వాళ్లు కుట్టిన సాంప్లర్లు ఎక్కువగా ఒకే ఎర్రదారంతో, వేలెడు జాగా కూడా వదలకుండా అక్షరమాల మీద అక్షరమాల, అంచు మీద అంచు పరిచినట్టు ఉంటాయి. ఎన్ని రకాల అక్షరాలు, ఎంత చిన్నగా, ఎంత నీటుగా కుట్టగలదో పనిలో పెట్టుకునేవారికి ఆ ఒక్క గుడ్డే చెప్పేది. యార్క్‌షైర్‌లో 1779లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు పెట్టిన ఆక్‌వర్త్ బడి పిల్లల పనితీరు వేరు. వాళ్లు ఆడంబరం లేకుండా ఒకటి రెండు రంగుల్లో ఎనిమిది మూలల పతకాలు, సగం పతకాలు గుడ్డ నిండా పేర్చేవారు. ప్రతికృతులు కుట్టేవారు ఇష్టపడే నమూనాల్లో ఈ రెండు బడులవీ ముందుంటాయి.

సాంప్లర్ అన్నంతమాత్రాన అన్నీ పూలూ పిట్టలూ కావు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతపు ఎలిజబెత్ పార్కర్ 1830 ప్రాంతంలో తెల్లని లినెన్ మీద ఎర్రని క్రాస్ స్టిచ్‌తో తన బతుకు కథంతా కుట్టింది. పనికి కుదిరిన ఇంట్లో పడిన హింస, చచ్చిపోవాలనుకున్న రోజులు, దేవుడి ముందు తన భయం అందులో ఉన్నాయి. బొమ్మ ఒక్కటీ లేదు. గుడ్డ ఇంకా మిగిలి ఉండగానే రాత ఒక వాక్యం మధ్యలో ఆగిపోతుంది. ఆమె తర్వాత బడిపంతులమ్మ అయింది. ఈ గుడ్డను మళ్లీ కుట్టే మనిషి ఆ వాక్యాన్ని పూర్తి చేయాలనుకోడు. అది ఆగిన చోటే తానూ ఆపుతాడు.

అభిరుచిగా మారిన తీరు

19వ శతాబ్దం ఆరంభంలో బెర్లిన్‌లో గళ్ల కాగితం మీద రంగులు వేసి అచ్చేసిన నమూనాలు వచ్చాయి. గడి చూసి కుట్టు వేయడం అప్పటినుంచి సులువైపోయింది. చేత్తో సేకరించిన సాంప్లర్ల అవసరం తగ్గుతూ వచ్చింది. ఆ శతాబ్దం చివరికి అవి పాతవస్తువులుగా సేకర్తల కంట పడ్డాయి. 1900లో లండన్‌లో మార్కస్ హ్యూయిష్ సాంప్లర్ల మీద సచిత్ర గ్రంథం వేశాడు. అమెరికాలో ఎథెల్ బోల్టన్, ఈవా కో కలిసి 1921లో అక్కడి సాంప్లర్ల వివరాలను పెద్ద జాబితాగా ప్రచురించారు. ఏవెరిల్ కాల్బీ 1964లో రాసిన పుస్తకం, బెటీ రింగ్ 1993లో అమెరికా బడులవారీగా చేసిన పరిశోధన ప్రతికృతులు చేసేవారికి ఆధార గ్రంథాలయ్యాయి. ఫలానా ఊరి, ఫలానా పంతులమ్మ దగ్గర చదివిన పిల్లల గుడ్డల మీద ఒకే ఇల్లు, ఒకే అంచు కనిపిస్తాయన్న సంగతి రింగ్ పరిశోధనతో బాగా వెలుగులోకి వచ్చింది.

తర్వాతి మార్పు మ్యూజియంల వల్ల వచ్చింది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో, స్మిత్సోనియన్ సంస్థ 2020లో హక్కుల బంధం లేని లక్షలాది చిత్రాలను అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టాయి. స్మిత్సోనియన్ కిందనే ఉన్న కూపర్ హ్యూయిట్ మ్యూజియంలో సాంప్లర్ల పెద్ద సేకరణ ఉంది. చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే ఒక్కొక్క కుట్టు లెక్కపెట్టుకోవచ్చు. ఒకప్పుడు లండన్ వెళ్తే తప్ప కనబడని గుడ్డ ఇప్పుడు భిలాయి ఉన్న దుర్గ్ జిల్లాలో ఇంటి బల్ల ముందు కూర్చున్నా కనిపిస్తుంది.

భారతదేశంలో, తెలుగు నేల మీద

మన దేశానికి ఈ పద్ధతి మిషనరీ బడులతో వచ్చింది. 1821లో కలకత్తా చేరిన మేరీ ఆన్ కుక్ ఆడపిల్లల కోసం నడిపిన బడుల్లో చదువుతోపాటు కుట్టుపని కూడా ఉండేది. నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ లేసు పని నేర్పింది. మద్రాసు ప్రెసిడెన్సీ బాలికల బడుల్లో కుట్టు పాఠ్యాంశంగా స్థిరపడింది. గోదావరి జిల్లాల్లో నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లకం 1844 ప్రాంతంలో స్కాట్లండ్‌కు చెందిన మెక్‌రే దంపతులతో మొదలైందని చెబుతారు. తర్వాత అది వేలాది ఇళ్ల ఆదాయమార్గమైంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఆ లేసు కార్మికుల మీద ఒక పుస్తకం రాసింది. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసే పనిగా పైకి కనిపించే ఆ అల్లకం వెనక ఎంత శ్రమ, ఎంత తక్కువ కూలి ఉన్నాయో అందులో చూపింది. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యూరప్ పిల్ల కుట్టిన గుడ్డను సరదాకు మళ్లీ కుట్టేటప్పుడు ఈ రెండో కథ కూడా గుర్తుంచుకోవాల్సిందే. బ్రిస్టల్ సాంప్లర్ లాగే నర్సాపురం లేసు కూడా పొట్టకూటి చదువు.

దారాలు లెక్కపెట్టి కుట్టే సొంత సంప్రదాయం దక్కన్‌కు ముందునుంచే ఉంది. ధార్వాడ ప్రాంతపు కసూతిలో నాలుగు కుట్లు ప్రధానం: గవంతి, మురిగి, నేగి, మెంతి. గవంతిలో ముందు దాటు కుట్టు వేసుకుంటూ వెళ్లి, తిరుగు దారిలో ఖాళీలు పూరిస్తారు. ముడి కనబడదు, గుడ్డకు రెండు వైపులా ఒకే రూపు వస్తుంది. యూరప్ సాంప్లర్లలో చిత్రకారుడు హోల్బైన్ పేరుతో పిలిచే కుట్టు అచ్చంగా ఇదే. మెంతి క్రాస్ స్టిచ్ తరహాది. కసూతి తెలిసిన చేతికి 17వ శతాబ్దపు ఇంగ్లిష్ అంచు కొత్తగా అనిపించదు.

తెలుగు రాష్ట్రాల్లో సాంప్లర్‌కు దగ్గరి చుట్టం కుట్టు పరీక్షల రికార్డు. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సులో టైలరింగ్, ఎంబ్రాయిడరీకి లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలున్నాయి. ఆ తర్వాత 42 రోజుల వేసవి శిక్షణ పూర్తిచేసినవారికి టీచర్ అర్హత వస్తుంది. ఈ దారిలో నడిచినవాళ్లు గొలుసు కుట్టు, కాడ కుట్టు, కాజా కుట్టు, హెర్రింగ్‌బోన్, లేజీ డేజీ, ఫ్రెంచి ముడి ఒక్కొక్కటి చిన్న గుడ్డముక్క మీద కుట్టి, రికార్డు పుస్తకంలో అంటించి, కింద పేరు రాసి పెట్టుకుంటారు. ఒకే గుడ్డకు బదులు పుస్తకం వచ్చింది తప్ప ప్రయోజనం జేన్ బాస్టాక్ నాటిదే.

భిలాయిలో

భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నిర్మాణ కాలంనుంచే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వాళ్లు పనులకు వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం వాళ్లకు పుట్టింటి దారి. సెక్టార్ 5లో ఆంధ్ర సాహిత్య సమితి ఆధ్వర్యంలోని బాలాజీ గుడి ఈనాటికీ ఊళ్లోని తెలుగువారి కూడలి.

ఈ ఊరికి సూదిపనితో రెండు వైపుల నుంచి సంబంధముంది. ఒకటి టౌన్‌షిప్ జీవితం. ఉద్యోగుల కుటుంబాల్లోని మహిళలు నడిపే భిలాయి మహిళా సమాజ్ కుట్టు కేంద్రాల ద్వారా చాలామందికి ఉపాధి చూపింది. క్వార్టర్లలో తీరిక సమయపు కుట్టు అంటే గళ్లు లెక్కపెట్టడానికి వీలైన మ్యాటీ గుడ్డ మీది క్రాస్ స్టిచ్. హిందీవాళ్లు దసూతీ అనే పనికి ఇది దగ్గరిది. బల్లగుడ్డలు, టీవీ కవర్లు, సోఫా వీపు గుడ్డలు ఆ తరం ఇళ్లలో ఇలాగే తయారయ్యేవి. పక్కింటి నుంచి తెచ్చుకున్న గళ్ల కాగితాన్ని చూసి మరొకరు కుట్టడం, దాన్ని చూసి ఇంకొకరు కుట్టడం టౌన్‌షిప్‌లకు అలవాటైన పని. సాంప్లర్లు వ్యాపించిన తీరూ అదే.

రెండోది సోవియట్ సంబంధం. కర్మాగారం కట్టిన నిపుణులు కుటుంబాలతో సహా భిలాయిలో ఉండేవారు. రష్యా, ఉక్రెయిన్ పల్లెల్లో పెళ్లికీ పూజకూ వాడే తువ్వాళ్ల మీద ఎర్రదారంతో లెక్క కుట్టు పెద్ద సంప్రదాయం. 19వ శతాబ్దం చివర మాస్కోలో హెన్రీ బ్రోకార్ సబ్బుల కంపెనీ తన సరుకుతోపాటు క్రాస్ స్టిచ్ గులాబీల గళ్ల కాగితాలు ఉచితంగా పంచింది. ఆ ఎరుపు, నలుపు గులాబీలు పల్లెల్లోని పాత నమూనాలను పక్కకు నెట్టేంతగా పాకాయి. బ్రిస్టల్ ఎర్ర అక్షరమాల, ఉక్రెయిన్ ఎర్ర తువ్వాలు, క్వార్టర్‌లోని మ్యాటీ బల్లగుడ్డ మూడూ ఒకే గళ్ల లెక్క మీద నడుస్తాయి.

ఛత్తీస్‌గఢ్‌లోనే ఇలా లెక్కకట్టి ఎక్కించదగిన నమూనాలున్నాయి. బస్తర్‌లోని పనికా నేతగాళ్లు ఆల్ చెట్టు వేరుతో ఎర్రరంగు అద్దిన నూలుతో నేసే పాటా గుడ్డల మీది చేప, పీత, గొడ్డలి వంటి బొమ్మలు మగ్గం మీద పోగుల లెక్కతో పుట్టినవే. అందుకే గళ్ల కాగితం మీదికి అవి సులువుగా వస్తాయి. అలా కుట్టినప్పుడు అది నేత నమూనా అని, ఎవరి నేత అని గుడ్డ వెనక రాసి పెట్టడం మర్యాద.

గుడ్డ, దారం, సూది

ప్రతికృతికి ప్రధానమైన గుడ్డ పడుగు, పేక సమానంగా ఉన్న లినెన్. అంగుళానికి 28, 32, 36, 40 పోగులున్నవి ఎక్కువగా వాడతారు. రెండు పోగుల మీద ఒక కుట్టు వేస్తారు కాబట్టి 32 పోగుల గుడ్డలో అంగుళానికి 16 కుట్లు పడతాయి. కొత్తవాళ్లు ఐదా గుడ్డతో మొదలుపెడతారు. దాని నేతలోనే గళ్లు విడిగా కనిపిస్తాయి, 14 గళ్లది సాధారణం. గుడ్డ కొనేముందు లెక్క ఒకటి చూసుకోవాలి. నమూనా వెడల్పు 240 కుట్లయితే 14 గళ్ల ఐదా మీద అది 17 అంగుళాలు దాటుతుంది. 32 పోగుల లినెన్ మీద 15 అంగుళాలు, 40 పోగుల దాని మీద 12 అంగుళాలు వస్తుంది. పటం కట్టడానికి నాలుగు వైపులా మూడేసి అంగుళాలు కలుపుకోవాలి.

దారాల్లో ఆరు పోగుల నూలుదారం అందరికీ అందుబాటులో ఉండేది. 1746లో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని ముల్హౌస్ పట్టణంలో మొదలైన డీఎంసీ కంపెనీ రంగుల నంబర్లు ప్రపంచమంతా నమూనాల మీద కనిపిస్తాయి. మన బజార్లలో మదురా కోట్స్ వారి యాంకర్ దారం ఎక్కువ పరిచయం. ఒక కంపెనీ నంబరుకు మరో కంపెనీలో దగ్గరి రంగు చూపే పట్టికలుంటాయి గానీ, పాత ఎరుపులు, ఆకుపచ్చల విషయంలో పట్టికను గుడ్డిగా నమ్మకుండా రెండు దారాలూ పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడాలి. 18వ శతాబ్దపు పనికి పట్టుదారం దగ్గరగా ఉంటుంది. సూది మొన మొండిగా ఉండాలి. పదునైన సూది పోగును చీల్చుతుంది, మొండిది పోగుల మధ్య సందులోంచి వెళ్తుంది. 14 గళ్ల గుడ్డకు 24వ నంబరు, సన్న లినెన్‌కు 26వ నంబరు సూది సరిపోతుంది.

పాత గుడ్డను చదవడం

ప్రతికృతి నాణ్యత కుట్టు మొదలవకముందే తేలిపోతుంది. మూలం ఎదురుగా ఉంటే ముందు దాని వెనక వైపు చూడాలి. ఎండ తగలని వెనకవైపు అసలు రంగులు నిలిచి ఉంటాయి. ముందు బూడిదరంగుగా కనిపించే ఆకు వెనక పచ్చగా, ముందు లేత గోధుమరంగులో ఉన్న పువ్వు వెనక గులాబీగా ఉండవచ్చు. ఇక్కడ కుట్టేవారు రెండు బాటల్లో ఒకటి ఎంచుకోవాలి. నేడు కనబడే వెలిసిన రంగుల్లో కుట్టడం ఒకటి, ఆ పిల్ల కళ్ల ముందు ఉన్న రంగుల్లో కుట్టడం మరొకటి. ఏది ఎంచుకున్నా సరే, రెండూ కలిపితే మాత్రం ఏ కాలానికీ చెందని గుడ్డ తయారవుతుంది.

కొన్నిచోట్ల దారమే ఉండదు, వరసగా సూదిబెజ్జాలు మాత్రం ఉంటాయి. తరచు అక్కడ ఉండిందేమిటంటే నలుపు లేదా ముదురు గోధుమరంగు పట్టు. ఆ రంగులను ఇనుపలవణంతో, కరక్కాయ వంటి వగరు పదార్థంతో కట్టేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఇనుమే పట్టును పొడి చేస్తుంది. మన కలంకారీలోనూ పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి నలుపు తీస్తారు. మచిలీపట్నం తీరం నుంచి 17వ శతాబ్దంలో యూరప్ వెళ్లిన అద్దకపు గుడ్డల్లో చాలావాటి మీద నల్లగీతలున్న చోటే గుడ్డ తినేసినట్టు ఉంటుంది. కాబట్టి ఖాళీ బెజ్జాల వరస కనిపిస్తే కుట్టడం మరిచారని అనుకోకూడదు. బెజ్జాలను లెక్కపెట్టి ఆ బొమ్మను తిరిగి గీయాలి.

మరో చిక్కు గుడ్డ నేతది. చేనేత లినెన్‌లో పడుగు, పేక లెక్కలు సమానంగా ఉండేవి కావు. ఒక వైపు అంగుళానికి 40 పోగులు, రెండో వైపు 34 ఉంటే, కుట్ల లెక్క సరిసమానమైన ఇల్లు చూపుకు పొట్టిగానో పొడుగ్గానో కనిపిస్తుంది. నేటి సమాన నేత గుడ్డ మీద అదే లెక్కతో కుడితే ఇల్లు చతురస్రమవుతుంది. కుట్ల లెక్క నిలబెట్టాలా, కొలత నిలబెట్టాలా అని అప్పుడు తేల్చుకోవాలి. చాలామంది లెక్కనే నిలబెడతారు.

కుట్టే క్రమం అందరికీ ఒకటే. గుడ్డను నాలుగు మడతలుగా మడిచి నడిబొడ్డు గుర్తించడం, అంచులు విడిపోకుండా మడిచి కుట్టడం, పది గళ్లకొకసారి వేరే రంగు దారంతో దాటు కుట్టు వేసి గుడ్డ మీదే గళ్ల గీతలు ఏర్పాటు చేయడం. ముందు అంచు కుట్టి నాలుగు మూలలూ కలిశాయని తేల్చుకుంటే లోపలి లెక్క తప్పినా త్వరగా దొరుకుతుంది. క్రాస్‌లో పైగీతలన్నీ ఒకే వైపు వాలి ఉండాలి. మూలంలో ఒక పువ్వు పైగీతలు ఎదురు వాలి ఉంటే ఆ చోట గుడ్డను తిప్పి పట్టుకుని కుట్టారనో, చేయి మారిందనో ఊహించవచ్చు.

తప్పులను ఏం చేయాలి

పాత సాంప్లర్లలో కొన్ని తేడాలు తప్పులు కావు. అప్పటి అక్షరమాలల్లో జే, యూ అక్షరాలు చాలాసార్లు ఉండవు, వాటి పని ఐ, వీ అక్షరాలే చేసేవి. వాటిని తెచ్చి చేర్చితే గుడ్డ వయసు చెడుతుంది. తిరగబడ్డ ఎస్, చోటు చాలక పై వరసలోకి ఎక్కిన పదం చివరి అక్షరం, ఒక మూల కలవక సర్దేసిన తీగ మాత్రం నిజమైన తడబాట్లే. నిష్ఠగా కుట్టేవారు వాటిని కూడా అలాగే కుడతారు. నమూనాలు అమ్మేవాళ్లు కొందరు మూలలు సరిచేసి ఇస్తారు. అలా సరిచేసిన నమూనాకు ప్రతికృతి అనే పేరు సరిపోదు, మూలాన్ని ఆధారం చేసుకున్న కొత్త పని అనాలి.

కుట్టినవాళ్లే తర్వాత చేసిన మార్పులు మరీ ఆసక్తికరం. కొన్ని గుడ్డల మీద సంవత్సరం చివరి రెండు అంకెలో, వయసు అంకెలో విప్పేసి ఉంటాయి. పెద్దయ్యాక తమ వయసు గోడ మీద అందరికీ కనబడటం ఇష్టంలేక ఆ ఆడవాళ్లే విప్పేశారని సేకర్తల అభిప్రాయం. అక్కడ బెజ్జాలు చదివితే అంకె దొరుకుతుంది. దాన్ని మళ్లీ కుట్టాలా, విప్పినట్టే వదలాలా అన్నది కుట్టేవారి నిర్ణయం.

తెలుగు అక్షరాల సాంప్లర్

రోమన్ అక్షరాలు నిలువు, అడ్డగీతలతో పని జరుపుకుంటాయి. ఐదు నుంచి ఏడు గళ్ల ఎత్తులో చదవడానికి వీలుగా వస్తాయి. తెలుగు అక్షరం గుండ్రన. తలకట్టు, గుడి, కొమ్ము పైనా పక్కనా, ఒత్తు కిందా కూర్చుంటాయి. ఒత్తులకూ గుడులకూ చోటు వదలాలంటే వరసకు కనీసం పద్దెనిమిది ఇరవై గళ్లు పెట్టుకోవాలి. అక్షరం ఒళ్లు పది పన్నెండు గళ్లలో తీర్చి, వంపులను క్రాస్‌తో కాక హోల్బైన్ కుట్టుతో గీస్తే గడులు మెట్లుమెట్లుగా కనిపించవు. ‘మ’, ‘య’ మధ్య, ‘ప’, ‘ష’ మధ్య తేడా ఒకటి రెండు కుట్లలోనే ఉంటుంది. కాబట్టి ముందు గళ్ల కాగితం మీద వర్ణమాలంతా గీసుకుని, దూరం నుంచి మరొకరితో చదివించి చూడటం మంచిది. ఇంటిపేరు, పుట్టిన ఊరు, సంవత్సరం తెలుగులో కుట్టాలనుకునే వారికి ఇదే మొదటి మెట్టు.

భద్రపరచడం

దుర్గ్ జిల్లాలో వేసవి ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది, వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి. ఎండ రంగును, చెమ్మ గుడ్డను తింటాయి. పటం కిటికీ ఎదుట గానీ, బయటి గోడకు గానీ తగిలించకూడదు. గుడ్డను జిగురుతో అట్టకు అతికించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఆమ్లం లేని అట్ట మీద పరిచి, వెనక దారంతో అటూ ఇటూ లాగి కట్టాలి. అద్దానికీ గుడ్డకూ మధ్య ఖాళీ ఉండాలి. వట్టి ప్లైవుడ్ గుడ్డకు తగలకుండా చూడాలి.

కొత్త గుడ్డను పాతదిగా చూపడానికి టీ డికాషన్‌లో ముంచడం కొందరికి అలవాటు. అందులోని ఆమ్లం, వగరు గుడ్డను లోలోపల బలహీనపరుస్తాయి. ముందే గోధుమఛాయలో అద్దిన లినెన్ కొనడం మేలు. ఎర్రదారం ఉతికితే పక్కకు పాకవచ్చు కాబట్టి దారం ముక్కను తడి తెల్లగుడ్డ మీద నొక్కి పరీక్షించాకే కుట్టు మొదలుపెట్టాలి. పని పూర్తయ్యాక ఉతికితే సరిచేయడానికి దారి ఉండదు.

హక్కులు, సంతకం

రెండు మూడు వందల ఏళ్ల నాటి సాంప్లర్ మీద కాపీరైటు మిగలదు. దాన్ని చదివి ఇప్పుడు గీసిన గళ్ల నమూనా మాత్రం గీసినవారి కొత్త రచన. భారత కాపీరైటు చట్టం 1957 ప్రకారం ఆ హక్కు రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది. కొన్న నమూనాను సొంతానికి కుట్టుకోవచ్చు గానీ జిరాక్సు తీసి పంచడం తగదు. ఉచితంగా దొరికే మ్యూజియం చిత్రం నుంచి తానే లెక్కపెట్టి గీసుకున్న నమూనాకు ఆ చిక్కు లేదు.

ప్రతికృతి చూపుకు మూలాన్ని పోలి ఉంటుంది కనుక, కొన్నేళ్లకు దాన్నే అసలని అమ్మే ప్రమాదం ఉంది. అందుకే కుట్టినవారు తమ పొడి అక్షరాలు, కుట్టిన సంవత్సరం గుడ్డ మీదే ఒక మూల చిన్నగా కుట్టాలన్నది ఈ అభిరుచిలో ఖచ్చితమైన నియమం. మూలం ఎక్కడిది, ఎవరిది, ఏం మార్చారు, ఏ దారం వాడారు అన్న నాలుగు మాటలు పటం వెనక కాగితం మీద ఉంచాలి.

ఇదే నియమం ఇంటి గుడ్డలకూ వర్తిస్తుంది. శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చిన ఒక కుటుంబం దగ్గర 1960ల నాటి కుట్టు రికార్డో, మ్యాటీ బల్లగుడ్డో ఉంటే, కుట్టిన మనిషి పేరు, ఊరు, నేర్పిన వారెవరు అన్నవి ఇంట్లో పెద్దలను అడిగి రాసుకోవాలి. ముందూ వెనకా ఫోటో తీసి, గళ్ల కాగితం మీదికి ఎక్కించాలి. ఆక్‌వర్త్, బ్రిస్టల్ గుడ్డలకు జాబితాలు, పుస్తకాలు, మ్యూజియంలు ఉన్నాయి. ఇంట్లోని బల్లగుడ్డకు ఆ రక్షణ లేదు కాబట్టి, ప్రతికృతి కుట్టాలనుకునేవారు మొదటి గళ్ల కాగితం దానికోసం గీయడం సబబు.